కాకి తిరిగొచ్చిన ఓడ

నా చిన్నప్పుడు, సింగపూర్‌లో జురాంగ్ వెస్ట్ ఫ్లాట్‌లో ఉండే రోజుల్లో, నా చేత నాలుగు ముద్దలు తినిపించాలంటే మా నాన్నకు ఒక ఓడ కావలసివచ్చేది. మామూలు ఓడ కాదు. ముందు భాగాన నోరు తెరుచుకున్న పాము తల చెక్కిన పొడుగాటి ఓడ. వెయ్యేళ్ళ కిందట మంచుదేశాల నుంచి బయలుదేరి, కుదిరినచోట బేరమాడుతూ, కుదరనిచోట దోచుకుంటూ సముద్రాలన్నీ తిరిగిన వైకింగుల ఓడ. పిల్లకి చెప్పాల్సిన కథలేనా ఇవి అని అమ్మ వంటింట్లోంచి సణిగేది. సణుగుతూనే స్టవ్ కట్టేసి వచ్చి వినేది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని ప్రపంచంలోని ఆఫీసులన్నీ హడలిపోయిన కాలం అది. ఆ హడలు పుణ్యమా అని మనవాళ్ళు ఎందరో విమానాలెక్కారు. మా నాన్న కూడా అలాగే కాకినాడ నుంచి వచ్చి సైన్స్ పార్కులో ఉద్యోగం చేసేవాడు. ఎంత పనున్నా అన్నాల వేళకి ఇల్లు చేరేవాడు, తిన్నాక మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నా సరే. మా బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగేది కాదు. మా పై అంతస్తులో దిగి, మెట్ల మీదుగా కిందికి రావాలి. నాన్న ఎడమకాలి బూటు కాస్త ఈడుస్తూ నడిచేవాడు. ఆ చప్పుడు మెట్ల మీద వినిపించగానే నేను వెళ్ళి కంచం ముందు కూర్చునేదాన్ని.

నాన్న కథలో నాయకుడి పేరు ఐవార్. అతనికి నా ఈడు కూతురు ఉండేది. ఉండక ఏం చేస్తుంది, కథ చెప్పేది మా నాన్న కదా! ఐవార్ ఎలుగు తోళ్ళూ, సముద్రపు జంతువుల దంతాలూ ఓడకెత్తుకుని, ఎక్కడో దక్షిణాన బంగారు గోపురాలున్న పట్నంలో అమ్ముకు రావడానికి బయలుదేరాడు. పడవ ఎక్కబోతూ కూతురితో “వెళ్ళొస్తానమ్మా” అన్నాడు. నిజం వైకింగులు అలా అనేవారో లేదో నాకు తెలియదు. మా నాన్న వైకింగు మాత్రం అన్నాడు. సముద్రం దాటి నదిలోకి, నది అయిపోయినచోట ఓడనే నేల మీదికి లాగి, కింద దుంగలు పరిచి, అడవిలో దొర్లించుకుంటూ ఇంకో నదికి. అడవిలో ఓడ నడవడమేమిటి, చెవిలో పువ్వులు పెడుతున్నావా అంటే, నాన్న అప్పడాల కర్ర మీద నా టిఫిన్ డబ్బా పెట్టి బల్ల ఈ చివర నుంచి ఆ చివరిదాకా దొర్లించి చూపించాడు. చెట్ల వెనక నుంచి బాణాలు వచ్చేవి. చలికి వేళ్ళు నల్లబడి రాలిపోయేవి. నాన్న చెబుతుంటే నాకు జురాంగ్ ఉక్కపోతలో వణుకొచ్చేది.

ఆ చివరి రోజు కథ నాకు ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది. ఐవార్ బంగారుపట్నం చూసి, సరుకులన్నీ అమ్ముకుని, తిరుగు ప్రయాణంలో ఉన్నాడు. ఇల్లు ఇంకెంతో దూరం లేదు. అప్పుడు పొగమంచు కమ్మేసింది. ఎటు చూసినా తెలుపే. దిక్కు తెలియదు. అలాంటప్పుడు ఏం చేసేవారంటే, ఓడలో పంజరంలో పెంచుకునే పెద్ద కాకిని వదిలేవారట. కాకి బాగా పైకెగిరి చూస్తుంది. నేల కనిపిస్తే అటే వెళ్ళిపోతుంది, ఓడ దాని వెనకే పోవచ్చు. ఎక్కడా నేల లేకపోతే, కాలు పెట్టడానికి వేరే చోటు లేక ఓడ మీదికే తిరిగొచ్చేస్తుంది. ఐవార్ పంజరం తలుపు తీశాడు. కాకి పొగమంచులో కలిసిపోయింది.

“తిరిగొచ్చిందా?” అన్నాను నేను, నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని. ముందు పెరుగన్నం తిను, మిగతాది రేపు అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున్న బూట్లు వేసుకుని “వెళ్ళొస్తానమ్మా” అన్నాడు. “వెళ్ళిరా నాన్నా” అన్నాను. ఆ మధ్యాహ్నం ఆఫీసులో, కూర్చున్న కుర్చీలోనే, ఆయన గుండె ఆగిపోయింది.

చిన్నపిల్ల, జడుసుకుంటుందని నన్ను చూడనివ్వలేదు. పక్కింటి మామ్మ దగ్గర ఉంచారు. ఆ మామ్మ సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చారట. ఆవిడ తెలుగులో అరవం కలిసేది, మలయ్ కలిసేది, మధ్యలో మా అమ్మకే అర్థం కాని పాత తెలుగు మాటలు వచ్చేవి. మార్కెట్‌ని పాసర్ అనేది, ఆశ్చర్యమేస్తే అలమాక్ అనేది, భోజనానికి పిలిస్తే మకాన్ మకాన్ అని గేటు దగ్గర నుంచి కేకేసేది. తన మొగుడు ఓడ మీద ఇంజను పనికి వెళ్ళి, పెళ్ళయిన కొత్తలోనే సముద్రంలో పోయాడు. ఆ సంగతి బ్లాకులో అందరికీ తెలుసు. ఆవిడ మాత్రం ఎత్తేది కాదు.

మా ఇంటికి ఆ వారమంతా అంకుళ్ళూ ఆంటీలూ వచ్చారు. వచ్చేటప్పుడు బాగానే వచ్చేవారు, వెళ్ళేటప్పుడు మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే లేచి, తల వంచుకుని చెప్పులేసుకునేవారు. మా అమ్మ మీద అందరికీ కోపం వచ్చిందనుకున్నాను. మామ్మని అడిగితే, చావింట్లో వెళ్ళొస్తానని అనకూడదని చెప్పింది. ఎందుకనకూడదు అంటే, ఆ మాటంటే మళ్ళీ ఇలాగే రావలసి వస్తుందే అంది. వెళ్ళొస్తాననే మాటకి అంత బలం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మరి మా నాన్న అన్నాడు కదా. ఇంకేం, వస్తాడు. ఆ సాయంత్రం నేను కాస్త అన్నం కూడా తిన్నాను.

తర్వాత కొన్నాళ్ళకి సముద్రం ఒడ్డున కర్మ చేశారు. కాకినాడ నుంచి మా బాబాయి వచ్చాడు. పంతులుగారు ఇసుకలో విస్తరి వేయించి, అన్నం ముద్దలు పెట్టించి, అందరినీ దూరంగా జరగమన్నాడు. ఎందుకని అడిగితే కాకి రావాలన్నారు. ఎంతసేపటికీ రాలేదు. తినుబండారాల అంగళ్ళుండే హాకర్ సెంటర్లో కంచాల్లోవి లాక్కుపోయే కాకులు అన్నేసి ఉన్నాయి కదా, ఆ రోజు ఒక్కటీ కనిపించదే! దూరంగా సముద్రం మీద పెద్ద పెద్ద ఓడలు వరసగా ఆగి ఉన్నాయి. ఎండకి సముద్రం తెల్లగా మెరిసిపోతోంది, ఏదీ సరిగ్గా కనబడదు. బాబాయి అటూ ఇటూ తిరుగుతున్నాడు. అన్నయ్య మనసులో ఏం కోరిక మిగిలిపోయిందో అని గొణుక్కుంటున్నాడు.

చివరికి వచ్చింది. అదీ సముద్రం వైపు నుంచి. తిన్నగా వచ్చి ముద్ద మీద వాలింది. పెద్దవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. హమ్మయ్య, వచ్చేసింది వదినా అని బాబాయి అమ్మతో అన్నాడు. అమ్మ చేతులు జోడించింది. నేను మాత్రం గట్టిగా అరిచాను. నన్ను పట్టుకోవడం ఇద్దరివల్ల కాలేదు. కాకి తిరిగొచ్చేసిందని వాళ్ళకి సంతోషం. కాకి తిరిగొచ్చిందంటే నేల దొరకలేదనే కదా! నాన్న ఎక్కడో పొగమంచులో ఉన్నాడు. ఒడ్డు ఎటుందో తెలియక తిరుగుతున్నాడు. ఈ ముక్క వాళ్ళెవరికీ తెలియదు, నాన్నా నేనూ చెప్పుకున్న కథ నాకు తప్ప ఎవరికి తెలుసు? అమ్మ కూడా ఆ ఒక్క రోజూ వంటింట్లో గిన్నెలు తోముకుంటూ వినలేదు.

ఆ రోజు నుంచే మెట్ల మీద చప్పుడు మొదలైంది. పొద్దువాలే వేళకి పైన లిఫ్టు ఆగేది. తర్వాత ఎడమ కాలు కాస్త ఈడుస్తూ మెట్లు దిగడం వినిపించేది. మా వసారా దాకా వచ్చేది. అక్కడ ఆగిపోయేది. తలుపు తీయాలంటే నాకు చేతులు ఆడేవి కావు. ఆగి ఆగి, కాసేపటికి ఏమీ వినిపించకుండా పోయేది. ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా నవ్వితే నాన్న రావడం మానేస్తాడని నా భయం. భోజనాల బల్ల దగ్గర నాన్న కుర్చీలో ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టాను. హాకర్ సెంటర్లో ఖాళీ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే అది చోప్ చేసినట్టు, ఆ కుర్చీ మనదే, ఇంకెవరూ కూర్చోరు. సింగపూర్‌లో పెరిగిన ప్రతి పిల్లకీ తెలిసిన చట్టం అది. అమ్మ ఆ ప్యాకెట్ చూసింది. తీయలేదు. కంచాలు కూడా మూడే పెడుతూ వచ్చింది.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ ఏడవలేదు. వీసా నాన్న ఉద్యోగాన్ని బట్టి వచ్చింది కాబట్టి, తనకి ఉద్యోగం దొరక్కపోతే మేం దేశం వదలాలి. కాళ్ళరిగేలా తిరిగి, బిషాన్ దగ్గర ఒక ఆఫీసులో పని సంపాదించింది. జురాంగ్ ఇంటి అద్దె మోయలేం కాబట్టి బిషాన్‌లోనే ఒక చిన్న ఫ్లాటు చూసింది. ఈ ఇంట్లోకి వేరేవాళ్ళు దిగే రోజు కూడా ఖాయమైంది. అప్పుడు నేను అడ్డం పడ్డాను. “నో లా! ఐ నాట్ గోయింగ్!” అని ఇనుప గేటు పట్టుకుని కూర్చున్నాను. నాన్న ఒడ్డు వెతుక్కుంటూ ఇక్కడికొస్తే మనం లేకపోతే ఎలా? అది మాత్రం పైకి అనలేదు. తిండి మానేశాను. బతిమాలితే ఒక ముద్ద, తర్వాత అదీ లేదు. జ్వరం తగులుకుంది. డాక్టరు మందులిచ్చి, పిల్లకి ఒంట్లో కన్నా మనసులోనే ఏదో ఉందన్నాడు. తండ్రి వెనకే ఇదీ పోతుందేమోనని అమ్మ ఫోనులో బాబాయితో అనడం నేను విన్నాను. విని, భయపడలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది.

ఇల్లు ఖాళీ చేయడానికి ముందు రోజు, మధ్యాహ్నం, అమ్మ గదిలో సామాను సర్దుతుంటే మామ్మ గంజి పట్టుకుని వచ్చింది. వచ్చి నాన్న కుర్చీలో కూర్చోబోయి, టిష్యూ ప్యాకెట్ చూసి ఆగింది.

“ఏటే పిల్లా, ఎవులికి చోప్ సేసినావు?”

అంతవరకూ ఎవరూ అలా అడగలేదు. అందరూ ఏం కావాలి, ఎందుకు తినవు, ఎక్కడ నొప్పి అన్నారే తప్ప, ఎవరి కోసం అని అడగలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఐవార్ గురించి, పొగమంచు గురించి, కాకి గురించి, మెట్ల మీద చప్పుడు గురించి అంతా చెప్పేశాను, సగం తెలుగులో సగం ఇంగ్లీషులో. మామ్మ నేల మీదే చతికిలబడి విన్నది. అంతా విని, “అలమాక్! అయ్యవారు ఓడెక్కి దొంగతనాలకి పోడమేటే? పిల్లలకి సదువు ఎవులు సెప్తారు?” అంది. ఐవార్ అంటే ఆవిడకి అయ్యవారు అని వినిపించింది! బడిపంతులనుకుంది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి నాకు నవ్వొచ్చింది. పంతులు కాదు మామ్మా, వైకింగు అన్నాను. ఏదైతేనేం, సముద్రం మీదికెళ్ళినోడే కదా అంది. ఆ కథ మిగతాది నాకు తెలుసు అంది. ఎలా తెలుసని నేనడగలేదు.

కాకి తిరిగొచ్చింది అని మొదలుపెట్టింది మామ్మ. నా దగ్గర దాచలేదు. నేల దొరకలేదు, ఓడ మునిగిపోయింది. మునిగినవాళ్ళంతా అడుగున నిద్రపోయారు. అయ్యవారికి ఒక్కడికే నిద్ర పట్టలేదు. ఒడ్డున కూతురికి వెళ్ళొస్తానని మాటిచ్చాడు మరి. మాటిచ్చినవాణ్ణి సముద్రం కూడా ఉంచుకోలేదు. అందుకని రోజూ పొద్దువాలేసరికి లేచి, బట్టల్లోంచి నీళ్ళు కారుతుండగా, ఆ మంచులో పడి ఇంటికొచ్చేవాడు. తలుపు సందులోంచి చూస్తే లోపల పొయ్యి మండుతూ కనిపించేది, పొయ్యి పక్కన తన పీట కనిపించేది. చనిపోయినవాడు గుమ్మం దాటలేడు. మాటిచ్చినవాడు వెనక్కి పోలేడు. ఒళ్ళు గడ్డకట్టేదాకా అలాగే నిలబడి, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళి, మర్నాడు మళ్ళీ నడిచి వచ్చేవాడు. కూతురేమో లోపల కూర్చుని, నాన్న కోసం నేను ఎదురుచూస్తున్నాను అనుకునేది. అవతల నిలబడి నిలబడి ఆయన కాళ్ళు పుండ్లు పడిపోయాయి.

తలుపు తీయొచ్చు కదా అన్నాను. తీస్తే నాన్న కనపడడేమోనని దాని భయం అంది మామ్మ.

అప్పుడు మామ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ పొద్దున నాన్నకి ఏం చెప్పావు అని అడిగింది. వెళ్ళిరా అన్నాను అని చెప్పాను. “అదుగో. ఎల్లు అన్నావు, రా అన్నావు. ఆ ‘రా’ ఉంది సూడు, దాంతోనే కట్టేసినావే మీ నాన్నని. దాన్ని ఒగ్గెయ్. తలుపు తీసి, వచ్చినావు నాన్నా, మాట నిలబెట్టుకున్నావు, ఇంక ఎల్లు అను. అంతే. రా అనకు.”

వెళ్ళు అని అనకూడదు కదా, అమ్మ తిడుతుంది కదా అన్నాను. బతికున్నవాళ్ళకి అనకూడదు అంది. తన మొగుడికి ఆ ఒక్క మాట చెప్పడానికి తనకి శానా ఏళ్ళు పట్టిందని, అన్నేళ్ళూ ఆయన చలిలో నిలబడ్డాడని చెప్పింది. మీ నాన్నని అంతసేపు నిలబెట్టకమ్మా అంది. గంజి అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం వాన మొదలైంది. ఇంకా వెలుతురు పోలేదు. ఇల్లంతా అట్టపెట్టెలు. అమ్మ దుప్పట్లు మడతపెడుతోంది. పైన లిఫ్టు ఆగింది. మెట్ల మీద ఎడమ కాలు ఈడుస్తూ చప్పుడు. అమ్మ మడత ఆపి తలెత్తింది. అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు అమ్మకీ వినిపిస్తూనే ఉంది. నాకు తెలిస్తే జడుసుకుంటానని తను చెప్పలేదు, నవ్వితే నాన్న రాడని నేను చెప్పలేదు. ఒకే ఇంట్లో ఉండి ఇద్దరం చెరో వైపు తిరిగి విన్నామన్నమాట!

నేను లేచి వెళ్ళి చెక్క తలుపు తీశాను. ఇనుప గేటు తీశాను. వసారాలో ఎవరూ లేరు. గచ్చంతా తడిగా ఉంది, వాన జల్లు కొడుతోంది కదా. నాన్నని చూశావా అని ఎవరైనా అడిగితే చూడలేదనే చెబుతాను. అక్కడ ఎవరూ లేరని మాత్రం ఒట్టు పెట్టి చెప్పలేను. ఎప్పుడూ ఆయన దగ్గర వచ్చే వాసన, ట్రైను ఏసీ చల్లదనమూ చెమటా కలిసిన వాసన, ఒక్కసారి నా మొహాన కొట్టింది.

“వచ్చావు నాన్నా” అన్నాను. “మాట నిలబెట్టుకున్నావు. ఇంక...” ఆ తర్వాతి మాట ఎంతకీ రాదే! నాన్న కాళ్ళు పుండ్లు పడి ఉంటాయని తలుచుకున్నాను. “ఇంక వెళ్ళు” అన్నాను.

నా వెనక అమ్మ వచ్చి నిలబడింది. ఏం చేస్తున్నావని అడగలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, ఖాళీ వసారాతో, రోజూ నాన్నతో మాట్లాడే గొంతుతోనే, “వెళ్ళండి. పిల్లని నేను చూసుకుంటాను” అంది. అని, అక్కడే గుమ్మంలో కూలబడి, అన్ని రోజుల ఏడుపూ ఏడ్చింది. మామ్మ తన గేటు దగ్గర నిలబడి చూసింది, మా దగ్గరికి రాలేదు. మెట్ల మీద చప్పుడు పైకి వెళ్ళడం విన్నాను. వాన చప్పుడుకి నాకలా అనిపించిందేమో కూడా.

ఆ పూట ఇద్దరం అట్టపెట్టెల మధ్య కూర్చుని పప్పన్నం తిన్నాం. నేను అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నాను. మర్నాడు లారీ వస్తే పేచీ పెట్టకుండా ఎక్కాను. కథ ఏమైందని తర్వాత ఎప్పుడో అమ్మ అడిగితే, అయ్యవారికి నిద్ర పట్టింది అని చెప్పాను.

మామ్మ ఒక్క సంగతి మాత్రం నాకు చెప్పలేదు. వెళ్ళమంటే నిజంగానే వెళ్ళిపోతారని. బిషాన్ ఇంట్లో మొదటి సాయంత్రం నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. నా మాట ఎప్పుడూ కాదనని మనిషి, ఆ ఒక్కసారికి కాదంటాడేమోనని ఆశ. రాలేదు. మర్నాడూ రాలేదు. జురాంగ్‌లో ఆ చప్పుడుకి ఎంత భయపడ్డానో, బిషాన్‌లో ఆ చప్పుడు లేనందుకు అంతకు మించి ఏడ్చాను. ఇన్నేళ్ళయింది, నా జుట్టులో తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి, ఎక్కడైనా మెట్ల మీద ఎవరైనా కాలీడుస్తూ దిగితే నా చేతిలో పని ఆగిపోతుంది.

మొన్నమొన్నటిదాకా మా అమ్మ ఉంది. చివర్లో ఆస్పత్రిలో మాట పడిపోయింది, కళ్ళు మూతపడ్డాయి, ఊపిరి మాత్రం ఆగదు. ఈవిడ దేనికోసమో పట్టుకుని ఉంది అన్నారు నర్సులు. దేనికో నాకు తెలుసు. పిల్లని చూసుకుంటానని మా నాన్నకి మాటిచ్చింది ఆవిడ. నేను ముప్పై దాటినా ఆవిడకి పిల్లనే. నేను ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, చూసుకున్నావమ్మా, బాగా చూసుకున్నావు, ఇంక వెళ్ళు అన్నాను. ఆ వెనకే ‘రా’ అన్న అక్షరం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అమ్మ వెళ్ళిపోయింది. ఆ అక్షరం ఇంకా నా గొంతులోనే ఉంది.